పికప్ మార్చే ముందు స్క్రూడ్రైవర్ తియ్యండి: గిటార్ టోన్ మీద అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో ఎలక్ట్రిక్ గిటార్లు రిపేర్ చేస్తుంటాను. చర్చి టీముల కుర్రాళ్లు, ఆర్కెస్ట్రా వాళ్లు ఎక్కువగా వస్తుంటారు. వచ్చీ రాగానే "పికప్‌లు మార్చెయ్యండన్నా" అంటారు. పికప్ అంటే తీగల కింద ఉండి, వాటి కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, కాయిల్ ఉన్న భాగం.

అపోహ: సౌండ్ బాగోలేదంటే తప్పు పికప్‌దే.
వాస్తవం: ముందు దాని ఎత్తు చూడండి. సింగిల్ కాయిల్ (ఒకే వైరు చుట్ట ఉన్న) పికప్ తీగలకి మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగని లాగుతుంది, అప్పుడు లావు తీగ మీద బాడీకి దగ్గరున్న పై ఫ్రెట్లలో (మెడ మీది అడ్డ కడ్డీల్లో) ఒక్క స్వరమే రెండు స్వరాల్లా కొట్టుకుంటూ వినిపిస్తుంది, ఎంత ట్యూన్ చేసినా కుదరదు. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, పికప్‌కీ తీగకీ మధ్య లావు తీగ వైపు రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు రెండు ఉండేలా స్క్రూలు తిప్పండి. అక్కడి నుంచి మీ చెవిని బట్టి కొంచెం కొంచెం మార్చుకోండి. పైసా ఖర్చు లేదు.

అపోహ: పికప్ ఓమ్స్ (దాని వైరు నిరోధం) ఎక్కువ ఉంటే పవర్ ఎక్కువ.
వాస్తవం: సన్న వైరు చుట్టినా ఓమ్స్ పెరుగుతాయి. అయస్కాంతం ఏదో, చుట్లు ఎన్నో తెలియకుండా ఆ అంకె చూసి కొనకండి.

అపోహ: హమ్‌బకర్ వేస్తే గుర్రుమనే సౌండ్ ఇక ఉండదు.
వాస్తవం: 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ తయారుచేసిన ఈ పికప్‌లో రెండు కాయిల్స్ ఒకదానికొకటి వ్యతిరేకంగా పనిచేసి, కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గోలని కొట్టేస్తాయి. అంతవరకే. బ్రిడ్జికి (బాడీ మీద తీగలు ఆనే భాగానికి) వెళ్లే గ్రౌండ్ వైరు ఊడినా, జాక్ (కేబుల్ గుచ్చే చోటు) లూజైనా అది చేసేదేం లేదు. ఇంకోటి, సింగిల్ కాయిల్‌కి వేసిన పాత 250కె (250 కిలో ఓమ్‌ల) పాట్లే, అంటే వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగాలే, ఉంచేస్తే సౌండ్ కంబళి కప్పినట్టు మూసుకుపోతుంది, 500కె వెయ్యాలి. పందిట్లో మైకుకి పెదవి తగిలి జిల్లుమంటే మాత్రం అది పికప్ సంగతి కాదు, ఎర్తింగ్ సంగతి. వెంటనే వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ప్రాణాల మీదకి వస్తుంది.

అపోహ: టోన్ నాబ్‌కి ఖరీదైన కెపాసిటర్ వేస్తే టోన్ మారిపోతుంది.
వాస్తవం: విలువ మారితే మారుతుంది, బ్రాండ్ మారితే కాదు. టోన్ నాబ్ పూర్తిగా తెరిచి వాయించేవాళ్లకి ఆ తేడా కూడా పెద్దగా తెలియదు.

అపోహ: ట్యూనింగ్ నిలవట్లేదంటే ట్యూనర్లు (తీగలు బిగించే మరలు) పోయినట్టే.
వాస్తవం: ట్యూనర్ తిప్పుతుంటే నట్ (మెడ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) దగ్గర టిక్కుమందా? అయితే తీగ ఆ గాడిలోనే ఇరుక్కుంటోంది. పెన్సిల్ ములుకు ఆ గాడిలో రుద్దండి, అప్పటికీ టిక్కుమంటుంటే గాడి సరిచేయించండి. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రపు గాలికి బ్రిడ్జి శాడిల్ (తీగ ఆనే చిన్న ముక్క) స్క్రూలు కూడా తుప్పు పట్టేస్తాయి. వాయించాక పొడిగుడ్డతో తీగల కింద కూడా తుడిచి పెట్టుకోండి.