డైనమో హెడ్‌లైట్: లక్స్ అంకె చెప్పేదెంత, చెప్పనిదెంత

"వంద లక్స్ లైటు పెట్టించుకున్నా, అయినా దారి కనిపించడం లేదండీ." సైకిళ్లకు హబ్ డైనమోలు (చక్రం ఇరుసులోనే ఉండి, చక్రం తిరిగితే లైటుకు కరెంటు పుట్టించేవి) బిగించి వైరింగ్ చేసే పనిలో ఉన్నవాణ్ని, ఈ మాట వింటూనే ఉంటాను. అనేవాళ్లలో ఎక్కువమంది వీధి దీపాలు లేని దారిలో రాత్రిపూట ఇంటికి చేరుకోవాల్సినవాళ్లు. వాళ్ల భయంలో న్యాయముంది. ఆ భయం చూసి కూడా "ఇంకా పెద్ద నంబరుది కొనండి" అని తోచిన సలహా పడేసేవాళ్ల మీదే నాకు కోపం.

అపోహ: లక్స్ ఎంత ఎక్కువుంటే దారి అంత బాగా కనిపిస్తుంది.

వాస్తవం: పెట్టె మీద రాసిన లక్స్ మొత్తం వెలుగు కాదు. దీపానికి 10 మీటర్ల దూరంలో, వెలుగు అన్నిటికంటే చిక్కగా పడే ఒకే ఒక్క చోట తీసిన కొలత అది. దీపం నుంచి బయటికొచ్చే వెలుగంతటినీ లెక్కగట్టేది ల్యూమెన్. అదే వెలుగును సన్నగా కుదిస్తే లక్స్ పెరుగుతుంది, వెడల్పుగా పరిస్తే తగ్గుతుంది. జర్మన్ కంపెనీ బుష్ అండ్ ముల్లర్ వారి ఐక్యూ సైయో లైటు రెండు రకాలుగా వచ్చింది. చక్రం ముందున్న నేలను కూడా వెలిగించేదానికి 40 లక్స్, దగ్గరి నేలను వదిలేసి దూరానికే వేసేదానికి 60. గతుకులు, మలుపులు ఉన్న దారిలో నెమ్మదిగా వెళ్లేవాళ్లకు నేనైతే 40 లక్స్‌దే బిగిస్తాను. అంకెలే చూసేవాళ్లు మాత్రం 60 దే అడుగుతారు.

ఎంత దూరంలో కొలిచారో రాయని లక్స్‌నైతే అసలు పట్టించుకోకండి. దూరం పెరిగేకొద్దీ వెలుగు దాని వర్గాన్ని బట్టి పలచబడుతుంది. 10 మీటర్ల దగ్గర 30 లక్స్ ఇచ్చే దీపాన్ని 1 మీటరు దగ్గర కొలిచి 3000 అని రాసుకోవచ్చు.

మరి ఎంత కావాలి? అది మీ వేగాన్ని బట్టి ఉంటుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఐదున్నర మీటర్లు ముందుకెళ్లిపోతాం. గుంత కంటబడి బ్రేకు మీద చెయ్యి పడేసరికి ఒక సెకను గడుస్తుంది. ఆ తర్వాత పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో నాలుగు మీటర్లు, అంటే మొత్తం 10 మీటర్ల దాకా. 30 కిలోమీటర్ల వేగంలో ఇది 17 మీటర్లవుతుంది, తడి రోడ్డయితే ఇంకా పెరుగుతుంది. అంత దూరంలో ఉన్న గుంతను మీ లైటు చూపించాలి. నా అనుభవంలో వీధి దీపాల కింద తిరిగేవాళ్లకు 20, 30 లక్స్ చాలు. చీకటి దారిలో 20 కిలోమీటర్ల వేగానికి వెడల్పుగా పరిచే 50, 60 లక్స్ లైటు బాగుంటుంది. 80, 100 లక్స్ అవసరమయ్యేది 30 కిలోమీటర్ల వేగం దాటి తొక్కేవాళ్లకు, చీకట్లో పొడవాటి పల్లాలు దిగేవాళ్లకు.

నంబరు సరిపోయినా దారి కనిపించకపోతే లైటు మార్చే ముందు దాని వంపు చూడండి. ఆ మధ్య ఒకావిడ మూడో లైటు కొనడానికి సిద్ధపడి వచ్చారు. ఎదుటివాళ్ల కళ్లలో పడుతుందని ఎవరో భయపెడితే, ఉన్న లైటును చక్రానికి రెండు మీటర్ల ముందు నేలకు వంచేసుకున్నారు. అలా దగ్గరి నేల మరీ వెలిగిపోతే కంటిపాప చిన్నదై, అవతలి చీకటి ఇంకా చిక్కగా కనిపిస్తుంది. బాగా పొద్దుపోయాక గోడ ముందు పెట్టి సరిచేశాం. ఆ రాత్రి పాత లైటుతోనే వెళ్లారు, కొత్తది కొనలేదు.

మీరూ చేసుకోవచ్చు. నేల నుంచి దీపం ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో గుర్తు పెట్టండి. సమంగా ఉన్న నేల మీద కాస్త దూరం నుంచి గోడ వైపు నెమ్మదిగా తొక్కుతూ రండి. వెలుగు పైఅంచు గుర్తుకు కొంచెం కిందుండాలి. గోడ దగ్గరపడేకొద్దీ అది గుర్తు వైపు పాకుతుంది గానీ దాటకూడదు. జర్మనీ నిబంధనల ప్రకారం చేసిన లైట్లలో ఆ అంచు స్పష్టంగా తెలుస్తుంది. దాని పైన 2 లక్స్‌కు మించి పడకూడదన్నది అక్కడి నియమం. అలాంటి లైటును సరిగ్గా వంచితే ఎదుటివాళ్ల కళ్లు చెదరవు.

అపోహ: వేగంగా తొక్కితే లైటు మాడిపోతుంది.

వాస్తవం: ఇది పాత హాలోజన్ బల్బుల కాలం నాటి భయం. అప్పట్లో వెనక బల్బు పోతే దాని వాటా కరెంటు కూడా ముందు బల్బుకు చేరి అదీ పోయేది. డైనమోలో మాత్రం వేగం పెరిగేకొద్దీ లోపలి తీగచుట్టే (కాయిల్) అడ్డుపడి కరెంటును అర ఆంపియర్ దరిదాపుల్లో నిలుపుతుంది. ఇప్పటి ఎల్‌ఈడీ లైట్లలో ఎక్కువైన వోల్టేజీని ఆపే సర్క్యూట్ కూడా ఉంటుంది.

అపోహ: మెల్లగా వెళ్తుంటే లైటు మిణుకుతోంది, డైనమో చెడిపోయింది.

వాస్తవం: చెడిపోలేదు. 26 అయస్కాంత ధ్రువాలున్న హబ్ డైనమోతో లైటు గంటకు 5 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 16 సార్లు మిణుకుతుంది, అది కంటికి తెలుస్తుంది. 15 కిలోమీటర్లకు 50 దాకా చేరుతుంది కాబట్టి నిలకడగా కనిపిస్తుంది. ఆ వేగంలోనూ మిణుకుతుంటే ముందు వైర్లు కలిసే కనెక్టర్ చూడండి.

అపోహ: డైనమో వేస్తే తొక్కలేం.

వాస్తవం: టైరుకు రాసుకునే పాత డైనమోతో వచ్చిన మాట ఇది. హబ్ డైనమోకు పోయేది కొద్ది వాట్లే.

అపోహ: ఆగగానే ఆరిపోతుంది.

వాస్తవం: కొంత కరెంటును దాచుకునే కెపాసిటర్ ఉన్న లైటు ఆగిన తర్వాత కూడా కొన్ని నిమిషాలు చిన్నగా వెలుగుతుంది. కొనేటప్పుడు ఆ సదుపాయం ఉందో లేదో అడగండి.

చివరగా వాన గురించి. తడి తారు రోడ్డు మీద వెలుగు ముందుకు జారిపోతుంది, కంటికి తిరిగొచ్చేది కొంచెమే. 100 లక్స్ లైటు కూడా అక్కడ మసకగానే అనిపిస్తుంది. ఇంకో లైటు తగిలించే బదులు వేగం తగ్గించండి.