అద్దె ఇంటి హాలుకు రంగులు: అపోహలు – వాస్తవాలు

ఇంటీరియర్స్ పని చేస్తానని తెలిస్తే చాలు, అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళు ఫోన్ తీసి తమ హాలు ఫొటో చూపిస్తారు. ఫొటోలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. క్రీమ్ గోడలు, తెల్ల సీలింగు, లేత రంగు టైల్స్, గ్రే సోఫా. "డాక్టరు గారి వెయిటింగ్ రూమ్‌లా లేదూ? గోడలకు రంగు వేయడానికి ఓనరు ఒప్పుకోరు, మా దగ్గరా పెద్దగా డబ్బుల్లేవు, ఏం చేయమంటారు?" అని అడుగుతారు. నేనూ అద్దె ఇంట్లోనే ఉంటున్నాను కాబట్టి ఆ టెన్షన్ నాకు తెలుసు. అయితే ఆ ప్రశ్న వెనకాల కొన్ని నమ్మకాలు ఉంటాయి. డబ్బు నీళ్ళలా పోయేది ఎక్కువగా వాటివల్లే.

అపోహ: గోడకు రంగు వేయకపోతే హాలుకు రంగు రాదు

వాస్తవం: ఓసారి మీ సోఫాలో కూర్చుని తల తిప్పకుండా ఎదురుగా చూడండి. కర్టెన్లు, ఎదుటి గోడ మధ్యభాగం, నేల మీద రగ్గు. చూపు ఆగేది వీటి దగ్గరే. గోడలో చాలా భాగం సామాను వెనకాలే ఉండిపోతుంది. అందుకే అద్దె హాలు అనగానే నేను పట్టించుకునేవి మూడే: కర్టెన్లు, రగ్గు, గోడ మీద ఒక పెద్ద బొమ్మో గుడ్డో. మూడూ పెద్దవి, కంటికి ఆనేవి, ఇల్లు మారేటప్పుడు చుట్టి పట్టుకుపోగలిగేవి. గోడకు వేసిన రంగు ఓనరుకే మిగిలిపోతుంది.

కర్టెన్ల విషయంలో పొరపాటు కొలత దగ్గరే మొదలవుతుంది. కిటికీ ఎంతుంటే అంతే గుడ్డ తీసుకుంటారు. వేశాక అది దండెం మీద ఆరేసిన తువ్వాలులా కనిపిస్తుంది. రాడ్డు పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్లు, వీలైతే రెండు రెట్లు వెడల్పు ఉంటేనే కుచ్చులు నిలబడతాయి. మడత లోపల ముదురుగా, మడత మీద లేతగా, ఒకే రంగు రెండు మూడు రంగుల్లా కనిపించేది ఆ కుచ్చుల వల్లే. పొడవు నేలకు తాకీ తాకనట్టు ఉండాలి. ఖరీదైన గుడ్డ చాలీచాలకుండా కొనేకంటే చవకైన కాటన్ ధారాళంగా తీసుకోవడం మేలు. నేనైతే డబుల్ బెడ్ దుప్పట్లు వాడతాను. వెడల్పు ఎక్కువ కాబట్టి అతుకు వేయక్కర్లేదు, అంచులు కుట్టేసే ఉంటాయి, పైన రాడ్డు దూరేలా ఒక్క కుట్టు వేస్తే సరిపోతుంది.

రగ్గుకు ఒకటే షరతు. సోఫా ముందు కాళ్ళయినా దాని మీదకు రావాలి. టీపాయ్ కింద చిన్న ముక్క వేస్తే ఎంత మంచి రంగైనా కాళ్ళు తుడుచుకునే పట్టాలాగే ఉంటుంది.

అపోహ: క్రీమ్, బీజ్ (లేత ఇసుక రంగు), గ్రే గోడలకు ఏ రంగైనా నప్పుతుంది

వాస్తవం: నేను స్వయంగా దెబ్బతిన్నది ఇక్కడే. ఓ ఇంట్లో దిగిన కొత్తలో "క్రీమ్ గోడే కదా" అనుకుని మస్టర్డ్ పసుపు కర్టెన్లు కుట్టించాను. వేలాడదీసిన రోజు నుంచి గోడ మాసిపోయినట్టు కనిపించడం మొదలైంది. తడిగుడ్డ పెట్టి రెండుసార్లు తుడిచాను కూడా. తీరా చూస్తే అది క్రీమ్ కాదు, అడుగున గులాబీ ఛాయ ఉన్న బీజ్.

మా పనిలో దీన్ని అండర్‌టోన్ అంటాం. న్యూట్రల్ అని పిలిచే దాదాపు ప్రతి రంగులోనూ పసుపో, గులాబీయో, ఆకుపచ్చో, నీలమో ఓ పిసరు కలిసి ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. ప్రింటర్‌లో పెట్టే తెల్ల కాగితం ఒకటి తీసుకుని, పగటిపూట లైట్లు ఆర్పేసి, గోడకు ఆనించి పట్టుకోండి. అప్పటిదాకా తెల్లగానే ఉందనుకున్న గోడ తన రంగు బయటపెడుతుంది. పసుపు ఛాయ కనిపిస్తే ఇటుక ఎరుపు, ఆలివ్ ఆకుపచ్చ, ముదురు నీలం నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. గులాబీ ఛాయ అయితే వంకాయ రంగు, బూడిద కలిసిన ఆకుపచ్చ, మబ్బు నీలం బాగుంటాయి, పసుపు జోలికి వెళ్ళకండి. నీలం ఛాయ ఉన్న గ్రే గోడలకు తుప్పు రంగు, కాషాయం లాంటివి పడగానే హాల్లోకి ప్రాణం వచ్చినట్టుంటుంది. ఇవి నా అనుభవం చెప్పే జోడీలు, శాసనాలేం కావు.

పక్కనున్న రంగు వల్ల ఇంకో రంగు మారినట్టు కనిపించడం పాత సంగతే. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లోని గోబ్లాన్ నేతశాలలో అద్దకం పనులు చూసే పెద్ద, షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త. నల్ల దారానికి అద్దిన రంగు గట్టిగా లేదని ఆయన దగ్గరకు ఫిర్యాదులు వచ్చేవి. వేరే చోట్ల అద్దిన నల్ల దారాలు తెచ్చి పోల్చి చూశాడు. అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్లే నలుపు వెలవెలబోతోందని తేల్చాడు. 1839లో ఈ విషయమంతా వివరంగా అచ్చువేశాడు. ఆయన చెప్పిన లెక్క ప్రకారం పసుపు పక్కనున్న రంగు కాస్త ఊదా వైపు జరిగినట్టు కనిపిస్తుంది. నా గులాబీ గోడకు జరిగింది అదే. పాపం, దాన్ని అనవసరంగా తుడిచాను.

కాబట్టి గుడ్డ కొనేముందు చిన్న ముక్కయినా ఇంటికి తెచ్చి గోడకు అతికించి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూడండి. రగ్గు విషయంలో ఇంకో చిక్కు ఉంది. నేరుగా ఎండ పడే చోట చిక్కటి ఎరుపు రగ్గు పరిస్తే వెలుగుతో పాటు ఆ ఎరుపు లేత గోడ కింది భాగానికీ సీలింగుకూ ఎక్కుతుంది. కొందరికి అది నచ్చుతుంది, నచ్చనివాళ్ళకు మాత్రం ఇల్లంతా జ్వరం వచ్చినట్టుంటుంది.

అపోహ: లైటు సంగతి చివర్లో చూసుకోవచ్చు

వాస్తవం: డబ్బులు తక్కువ ఉన్నవాళ్ళు ముందు మార్చాల్సింది బల్బే. పెట్టె మీద కెల్విన్‌లో ఒక అంకె ఉంటుంది. 2700 అంటే పసుపు కలిసిన వెచ్చని వెలుగు, 4000 అంటే మధ్యస్థం, 6500 అంటే నీలి తెలుపు. 6500 కింద తుప్పు రంగు, కాషాయం పాలిపోతాయి. 2700 కింద లేత నీలం బూడిదలా కనిపిస్తుంది. వెచ్చని రంగులు తెచ్చుకున్నవాళ్ళకు 2700 నుంచి 3000 మధ్యలోది సరిపోతుంది. నీలం, ఆకుపచ్చ ఎక్కువుంటే 4000 దాకా వెళ్ళొచ్చు. 6500 ట్యూబ్‌లైటు చదువుకునే టేబుల్ దగ్గర బాగానే ఉంటుంది, హాల్లో మాత్రం నాకు అస్సలు నచ్చదు.

దాని పక్కనే సీఆర్‌ఐ అని ఇంకో అంకె ఉంటుంది, చాలామంది చూడరు. 100కు ఎంత దగ్గరైతే రంగులు అంత సహజంగా కనిపిస్తాయి. మామూలు ఎల్‌ఈడీలు 80 దరిదాపుల్లో ఉంటాయి. 90 దాటినవి కాస్త ఖరీదు, కానీ ఎరుపులు నిజంగా ఎర్రగా కనిపించేది వాటి కిందే. అన్నీ మార్చనక్కర్లేదు, మీరు కూర్చునే చోట ఒకటీ రెండూ చాలు. పాత బల్బులు ఓ సంచిలో దాచి, ఖాళీ చేసే రోజు మళ్ళీ పెట్టేయండి.

వెలుతురు మరీ తగ్గితే ఇంకో తమాషా జరుగుతుంది. మసక చీకట్లో ఎరుపు నల్లబడి, నీలం, ఆకుపచ్చ మెరుస్తున్నట్టు అనిపిస్తాయి. 1819లో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే దీన్ని గమనించాడు, అందుకే ఆయన పేరే పెట్టారు. హాల్లోకి సాయంత్రాలు మాత్రమే వచ్చి కూర్చునే ఇంట్లో, లైటు అందని మూల ఎర్ర కుషన్లు పెట్టి లాభం లేదన్నమాట. లాంపు పక్కకు జరిపితే అవే కుషన్లు వెలుగుతాయి.

అపోహ: చిన్న చిన్న రంగు వస్తువులు చాలా కొంటే చవకలో అయిపోతుంది

వాస్తవం: అవ్వదు. రంగురంగుల ఫ్లవర్ వాజులు, క్యాండిల్ స్టాండ్లు, ఆరు రకాల కుషన్లు. ఒక్కోటి చవకే, మొత్తం కలిపితే మంచి రగ్గు ఖరీదు దాటిపోతుంది. హాలు మాత్రం సంతలా తయారవుతుంది. ఒక రంగును ఎంచుకుని దాన్నే మూడు చోట్ల, మూడు సైజుల్లో కనిపించేలా చేయండి. కర్టెన్‌లో పెద్దగా, కుషన్‌లో కాస్త, గోడ మీది బొమ్మలో ఓ మూల. 60–30–10 అని ఒక సూత్రం వినే ఉంటారు. హాల్లో అరవై వంతులు ప్రధాన రంగు, ముప్ఫై రెండోది, పది మెరుపు కోసం. టేపు పట్టుకుని కొలవకండి కానీ, అద్దె ఇంట్లో ఆ అరవై ఓనరు ముందే వేసిచ్చాడని గుర్తుంచుకుంటే చాలు. మీ డబ్బంతా ముప్ఫై మీదే పెట్టండి.

కుషన్లు కొంటే మాత్రం 18 అంగుళాల కవరులో 20 అంగుళాల దిండు కుక్కండి. అదే కొలత దిండు వేస్తే నాలుగు మూలలూ వాడిపోయిన ఆకుల్లా వాలిపోతాయి.

అపోహ: ముదురు రంగు చిన్న హాలును ఇంకా చిన్నది చేస్తుంది

వాస్తవం: నాలుగు గోడలకూ పూస్తే ఏమోగానీ, ఒక్క ముదురు కర్టెనో రగ్గో ఆ పని చేయదు. గది ఇరుకుగా అనిపించేది ఎక్కువగా చూపు అడుగడుక్కీ తెగిపోవడం వల్ల. లేత గోడ మధ్యలో మోకాలి ఎత్తున ఆగిపోయిన ముదురు కర్టెన్ ఇరుకు చేస్తుంది, అదే నేల దాకా దిగితే చేయదు.

అపోహ: నీలం మనసును శాంతింపజేస్తుంది, ఎరుపు చిరాకు తెప్పిస్తుంది

వాస్తవం: అంత సూటిగా ఉంటే మా పని చాలా తేలికయ్యేది. 1979లో అమెరికాలో సియాటిల్‌లోని ఒక నౌకాదళ నిర్బంధ కేంద్రంలో గదికి ఒక రకం గులాబీ రంగు వేశారు. ఖైదీలు నెమ్మదించారన్నారు. అక్కడి అధికారులిద్దరి పేర్లు కలిపి దానికి బేకర్–మిల్లర్ పింక్ అని పేరు కూడా పెట్టారు. తర్వాత మరింత జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. హాల్లో నేను చూసినంతవరకు, ఏ రంగు అన్నదానికంటే ఎంత గాఢంగా ఉంది అన్నదే మనిషికి ఎక్కువ తగులుతుంది. మెరిసిపోయే నీలం కంటే మట్టి కలిసినట్టుండే ఎరుపు ఎంతో నెమ్మది. మీకు ఎరుపు ఇష్టమైతే ఎవరి మాటా వినకుండా తెచ్చుకోండి.

అపోహ: అతికించే వాల్‌పేపర్ ప్యాకెట్ మీద "సులువుగా తీసేయొచ్చు" అని ఉంటే గోడకు ఏమీ కాదు

వాస్తవం: ఆ హామీ ఇచ్చేది స్టిక్కరు, మాట నిలబెట్టుకోవాల్సింది గోడ మీది పెయింట్. అతికించే వాల్‌పేపర్ ఒకసారి తీస్తుంటే అరచేయంత పెయింట్ దానితో పాటే వచ్చేసింది నాకు. డిపాజిట్‌లో కోత పడింది, వాదించడానికి నా దగ్గర మాట లేదు. నిగనిగలాడే పెయింట్ అయితే కొంత నయం. పొడి రాలే మ్యాట్ గోడలకు, కొత్తగా పెయింట్ వేసిన గోడలకు రిస్క్ ఎక్కువ. సోఫా వెనకాల కనబడని చోట చిన్న ముక్క అతికించి, వారం ఆగి, పీకి చూశాకే మిగతాది తెరవండి.

బొమ్మలు వేలాడదీసే అంటుకునే పట్టీలకూ పద్ధతి ఉంది. ముందు గోడను స్పిరిట్‌తో తుడవాలి. 30 సెకన్లు గట్టిగా నొక్కాలి. గంట ఆగాకే బరువు పెట్టాలి. తీసేటప్పుడు చివర ఉన్న తోకను గోడ వెంబడే కిందికి, నెమ్మదిగా లాగాలి. మన వైపుకు లాగితే పెయింట్ లేచి వస్తుంది. ఊడిపోయిన గోడల కథల్లో చాలావాటికి కారణం ఆ ఒక్క లాగుడే.

గోడకు ఏమీ అంటించకూడదనుకుంటే నాకు అన్నిటికంటే నచ్చిన దారి ఇది. పల్చని ప్లైవుడ్ షీటుకు మంచి రంగున్న గుడ్డ లాగి కట్టి, వెనక స్టేప్లర్ కొట్టి, టేబుల్ మీద గోడకు ఆనించి నిలబెట్టడం. మేకు లేదు, జిగురు లేదు. ఇంకొందరు పల్చటి కాటన్ గుడ్డను చిక్కటి గంజితో గోడకు అంటిస్తారు, తడిపితే ఊడి వస్తుంది. బాగానే ఉంటుంది కానీ చెమ్మ ఉన్న గోడకు మాత్రం వద్దు, వెనకాల బూజు పడుతుంది. తడి తగిలితే చేతికి అంటుకునే సున్నంలాంటి పెయింట్ మీదా వద్దు.

అపోహ: పాత కర్టెన్లకే రంగు అద్దేస్తే పైసా ఖర్చు ఉండదు

వాస్తవం: గుడ్డ కాటన్ అయితే దాదాపు నిజమే. పాలిస్టర్ అయితే ఇంట్లో వాడే మామూలు అద్దకం రంగులు పట్టవు. దానికి వేరే రకం రంగు, బాగా మరిగే నీళ్ళు కావాలి. తేడా తెలియకపోతే అంచు నుంచి రెండు పోగులు లాగి జాగ్రత్తగా కాల్చి చూడండి. కాటన్ కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుపోతుంది.

ముందు చెప్పిన ఆ మస్టర్డ్ కర్టెన్లను నేను పారేయలేదు. కాటనే కాబట్టి ముదురు నీలంలో ముంచాను. పసుపు మీద నీలం పడి, నేను అనుకోని ఒక చిక్కటి ఆకుపచ్చ వచ్చింది. ఆ గులాబీ గోడకు భలే కుదిరింది. కుట్టిన దారం పాలిస్టర్‌ది కావడంతో అది మాత్రం రంగు పట్టకుండా అంచుల వెంబడి సన్నటి పసుపు గీతలా మిగిలిపోయింది. ఇంటికొచ్చినవాళ్ళు దగ్గరకెళ్ళి చూసి, "ఈ పసుపు కుట్టు ప్రత్యేకంగా వేయించారా?" అని అడుగుతారు. అవునంటాను.