దించిన నీళ్లను మళ్లీ ఎత్తడం దేనికి?

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "శ్రీశైలం నీళ్లు కిందికి వదిలి కరెంటు తీస్తారు. మళ్లీ కరెంటు పెట్టి ఆ నీళ్లనే పైకి తోడతారట. ఇదేం లెక్క సార్, ఎట్ల చూసినా నష్టమే కదా?"

నష్టమే. వంద యూనిట్లు పెట్టి తోడితే తిరిగి చేతికొచ్చేది 75 నుంచి 80. అయినా ఈ నష్టం భరించాల్సిందేనంటాను. ఎందుకో చెప్పేముందు ఒక ట్యాంకర్ నీళ్లలో ఎంత కరెంటు ఉందో లెక్కేద్దాం.

శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590. రెండూ నిండితే తేడా 295 అడుగులు, అంటే 90 మీటర్లు. ఎండాకాలం ఊళ్లలో తిరిగే ట్రాక్టర్ ట్యాంకర్‌లో నాలుగు వేల లీటర్లు పడతాయనుకోండి. నాలుగు వేల కిలోలను గురుత్వ త్వరణం 9.81తో, ఆపైన ఎత్తు 90తో గుణిస్తే 35 లక్షల జౌళ్లు. యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. ట్యాంకర్ మొత్తం అంత ఎత్తు నుంచి దిగినా ఒక్క యూనిట్ నిండదు! రెండు కిలోవాట్ల గీజర్ అరగంట నడిస్తే అది కాస్తా ఖతం. ఈ లెక్క వెనకున్న ఎంజీహెచ్ సూత్రాన్ని బట్టీ పట్టించే మన బడులు, పిల్లల్ని సాగర్ విహారయాత్రకు తీసుకెళ్లి లాంచీ ఎక్కిస్తాయి, డ్యామ్ ముందు ఫొటో దింపుతాయి గానీ, ఈ గుణకారం ఒక్కటి అక్కడ నిలబెట్టి చేయించవు.

మరి అంత బలహీనమైన నీళ్లతో ఏం సాధిస్తాం? వరద రోజుల్లో పేపర్లో "శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రం నుంచి 35,315 క్యూసెక్కులు" అని చదివే ఉంటారు. ఆ అంకె ఎందుకంత వంకరగా ఉంది? ఘనపు మీటరుకు 35.315 ఘనపుటడుగులు కాబట్టి. అది సెకనుకు సరిగ్గా వెయ్యి ఘనపు మీటర్లన్నమాట. మన లెక్కలో సెకనుకు 250 ట్యాంకర్లు. అలా దిగితే 880 మెగావాట్ల శక్తి, మిషన్ల నష్టాలు పోను 800కు అటూ ఇటూ. ఈగలపెంట దగ్గరి ఆ కేంద్రంలో ఒక్కోటి 150 మెగావాట్ల మిషన్లు ఆరున్నాయి.

ఇక్కడో మాట. కరెంటు తీసేసిన నీళ్లలో సత్తువ ఉండదని, పంటకు పనికిరావని వెనకటికి అనేవాళ్లు. ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది. టర్బైన్ నీళ్ల నుంచి తీసుకునేది ఎత్తును మాత్రమే. వరికి ఎత్తుతో పనిలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మధ్యాహ్నం సోలార్ కరెంటు వరదలా వస్తుంది. అదే వేళకు దామరచర్లలోని యాదాద్రి థర్మల్ కేంద్రం కూడా మండుతూనే ఉండాలి. 800 మెగావాట్ల బాయిలర్‌ను మధ్యాహ్నం ఆర్పి సాయంత్రం వెలిగించడం గ్యాస్ స్టవ్ కాదు కదా. చల్లారితే మళ్లీ అందుకోవడానికి గంటలు పడుతుంది. 55 శాతానికి దించినా ఒక్కో మిషన్ 440 మెగావాట్లు తోస్తూనే ఉంటుంది. చీకటి పడగానే సోలార్ సున్నా. ఇళ్లల్లో లైట్లు, ఏసీలు మొదలు. కరెంటు కొని అమ్మే విద్యుత్ ఎక్స్చేంజీలో మధ్యాహ్నం చవగ్గా దొరికే యూనిట్ ధర సాయంత్రం పది రూపాయల గరిష్ఠ పరిమితిని తాకే రోజులున్నాయి. మధ్యాహ్నం అడిగేవాడు లేని వంద యూనిట్లతో నీళ్లు పైకి తోడి, అందరూ అడిగే వేళ 75 తీసుకోవడం చెడ్డ బేరమా?

నన్ను బాగా పట్టేసింది మాత్రం ఆ మిషనే. టర్బైనూ అదే, పంపూ అదే. ట్రాన్స్‌ఫార్మర్ రిపేరయ్యాక బోరు మోటరు ఉల్టా తిరిగితే మన రైతు ఏం చేస్తాడు? స్టార్టర్ దగ్గర మూడు ఫేజుల్లో రెండు వైర్లు అటుదిటు మారుస్తాడు. శ్రీశైలం ఎడమగట్టులోనూ మూలసూత్రం అంతే. రెండు ఫేజులు మారిస్తే జనరేటర్ మోటరై వెనక్కి తిరుగుతుంది. కాకపోతే 150 మెగావాట్ల మోటరును నీళ్లలో ఉండగా ఒక్కసారి ఆన్ చేస్తే గ్రిడ్డే అదిరిపోతుంది. అందుకని ఇలాంటి మిషన్లలో ముందు నీటి దారిని తెరిచి మూసే రెక్కలైన గైడ్ వేన్లు మూసి, కంప్రెస్డ్ ఎయిర్‌తో రన్నర్ (తిరిగే చక్రం) చుట్టూ ఉన్న నీళ్లను కిందికి నెట్టేస్తారు. రన్నర్ గాలిలో తేలిగ్గా తిరుగుతుంది. మోటరుకిచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీని సున్నా నుంచి 50 హెర్ట్జ్‌దాకా మెల్లగా పెంచి, గ్రిడ్‌తో లయ కలిశాక బ్రేకర్ వేసి గ్రిడ్‌కు కలిపి, అప్పుడు గాలి వదిలేస్తారు. నీళ్లు పైకొచ్చి రన్నర్‌ను ముంచుతాయి, వేన్లు తెరుచుకుంటాయి, నది వెనక్కి ఎక్కడం మొదలవుతుంది. పంపుగా తిరిగేటప్పుడు నీళ్లు పీల్చుకునే వైపు ఒత్తిడి మరీ తగ్గితే నీళ్లలో ఆవిరి బుడగలు పుట్టి, పగిలి, ఉక్కును కొరికేస్తాయి. అందుకే రన్నర్‌ను దిగువ నీటిమట్టం కంటే బాగా లోతున పెడతారు. ఎడమగట్టు కేంద్రం భూగర్భంలో ఉంది. భూగర్భానికి దాని ప్రమాదాలు దానికున్నాయి. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు.

సాగర్ కథ వేరు. అక్కడి ప్రధాన కేంద్రంలో 100.8 మెగావాట్ల మిషన్లు ఏడున్నాయి, ఏడూ ఇలా ఎటైనా తిరిగేవే. 1980ల నాటికే వచ్చేశాయి. కానీ దించిన నీళ్లు నిలిచేందుకు కింద చెరువు ఉండాలిగా? సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ తయారవడానికి దశాబ్దాలు పట్టింది. అన్నాళ్లూ పంపు కాగల మిషన్లు టర్బైన్లుగానే బతికాయి. ఇంజనీర్లు ముందుచూపుతో కొన్న మిషన్ చుట్టూ ప్రణాళిక తీరిగ్గా నడిచింది.

ఇక నీళ్ల పంచాయితీ. 2021 వేసవి చివర శ్రీశైలంలో తెలంగాణ పూర్తిస్థాయిలో కరెంటు తీస్తుంటే ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పింది, డ్యాముల మీద పోలీసులు మోహరించారు. నీళ్లు దించితే తిరిగి రావన్నది ఆ గొడవకు మూలం. పంపింగ్‌కు ఎన్ని నీళ్లు కావాలో చూద్దాం. సెకనుకు వెయ్యి ఘనపు మీటర్ల చొప్పున సాయంత్రం ఆరు గంటలు నడిపితే 2 కోట్ల 16 లక్షల ఘనపు మీటర్లు. టీఎంసీల్లో 0.76. అవీ మర్నాడు మధ్యాహ్నానికి తిరిగి పైకి ఎక్కేవే. ముప్పావు టీఎంసీని రోజూ దించి ఎత్తే ఖాతాను రెండు రాష్ట్రాలూ సాగునీటి లెక్క నుంచి విడిగా రాసుకోవచ్చు. ఇద్దరికీ సాయంత్రం కరెంటు కావాలి కాబట్టి అది కుదరని పని కాదనే నా నమ్మకం. చిక్కల్లా వేసవిలోనే. సాగర్ మట్టం బాగా పడిపోతే వెనక జలాలు శ్రీశైలం డ్యామ్ పాదాల దాకా నిలవవు, పంపుకు అందవు. సోలార్ దండిగా ఉండేదీ, యాసంగి మోటర్లతో రాష్ట్రం డిమాండ్ 2025 మార్చిలోలా 17 వేల మెగావాట్లు దాటేదీ ఎండలు ముదిరే ఆ నెలల్లోనే.