రక్షణ ముందు, ఆజ్ఞ తరువాత

క్రీస్తునందు ప్రియమైన పిల్లలకు, మీ తాతయ్య ఆశీస్సులు.

మంచిగా ఉంటేనే దేవుడు మనల్ని ప్రేమిస్తాడని మీలో కొందరు భయపడుతున్నట్టు, సండే స్కూలులో మీరు అడిగే ప్రశ్నలను బట్టి నాకు తెలిసింది. ఆ భయం మీ మనసులో వేళ్లూనకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిర్గమకాండము 20వ అధ్యాయం తీసి చూడండి. ఐగుప్తు దాస్యం నుండి మిమ్మల్ని రప్పించిన దేవుణ్ణి నేనే అని ఇశ్రాయేలీయులతో చెప్పిన తరువాతే ఆయన పది ఆజ్ఞలు ఇచ్చాడు. వారిని ఎర్రసముద్రం దాటించి, ఆకాశం నుండి కురిపించిన మన్నా అనే ఆహారంతో పోషించి, ఆ పిమ్మట సీనాయి కొండ దగ్గర ఎలా బ్రతకాలో నేర్పాడు. పౌలు కూడా రోమా పత్రికలో 11 అధ్యాయాల పాటు దేవుని కృపను వివరించి, 12వ అధ్యాయంలో ఆ వాత్సల్యాన్ని బట్టే మన శరీరాలను సజీవయాగంగా సమర్పించుకోమని బతిమాలాడు.

పరిశుద్ధత అనగానే మనకు ఉపవాసం, ప్రార్థన, తెల్లని బట్టలే గుర్తుకొస్తాయి. ప్రార్థన లేని విశ్వాసి బ్రతకలేడు, నిజమే. అయితే "మీరు పరిశుద్ధులై యుండవలెను" అని మొదలయ్యే లేవీయకాండము 19వ అధ్యాయం మనల్ని పొలానికీ బజారుకీ కూడా తీసుకువెళ్తుంది: పొలం అంచుల్లోని పంటను బీదలకు విడిచిపెట్టాలి, కూలివాని కూలి తెల్లవారేదాకా మన దగ్గర ఉంచుకోకూడదు, చెవిటివానిని తిట్టకూడదు, గుడ్డివాని దారిలో అడ్డం వేయకూడదు, తూకపు రాళ్లు సరిగా ఉండాలి. మీ వయసులో ఇదే మాట పరీక్ష హాలులో పక్కవాడి పేపరు చూడకపోవడంగా, నత్తి ఉన్న స్నేహితుడిని వెక్కిరించకపోవడంగా, ఇంట్లో పనికి వచ్చే అమ్మతో మర్యాదగా మాట్లాడటంగా కనబడుతుంది.

యెరికో పట్టణంలో పన్నులు వసూలు చేసేవారి పెద్ద, జక్కయ్యను చూడండి. యేసును చూడాలని మేడిచెట్టు ఎక్కినప్పుడు అతడింకా అన్యాయంగా తీసుకున్న ఎవరి సొమ్మూ తిరిగి ఇవ్వలేదు. అయినా యేసు తల ఎత్తి, పేరుపెట్టి పిలిచి, ఈ రోజు నీ ఇంట ఉండాలి అన్నాడు. పాపి ఇంటికి వెళ్లాడని అందరూ సణిగారు. అన్యాయం ఒప్పుకున్నవాడు అసలుతో పాటు ఐదవ వంతు కలిపి ఇస్తే చాలునని సంఖ్యాకాండము 5వ అధ్యాయం చెబుతుంది. జక్కయ్య మాత్రం నాలుగింతలు ఇస్తానన్నాడు, ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు. అంత ఇమ్మని యేసు అడిగినట్టు ఈ సంగతి చెప్పే సువార్తలో లూకా ఎక్కడా రాయలేదు. తన ఇంటికి వచ్చిన ప్రభువును చూసిన సంతోషమే అతని చేత ఇప్పించింది.

మీరు తప్పు చేసిన రోజున దేవునికి ముఖం చాటేయకండి. మన పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడని చెప్పే 1 యోహాను 1:9 చదివి, ఆ తప్పు పేరు చెప్పి ఒప్పుకోండి, ఎవరినైనా నొప్పించి ఉంటే ఆ రోజే వెళ్లి వారిని కలవండి.

మీ కోసం ప్రార్థించే,
తాతయ్య