శ్లాబు గదిలో సబ్ వూఫర్

సబ్ వూఫర్ (బాస్, అంటే లోతైన మోతల కోసం విడిగా పెట్టే స్పీకరు) కొనడం గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు అమెరికా ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అక్కడ గోడంటే ఎక్కువగా చెక్క చట్రానికి బిగించిన జిప్సం పలకలే. బాస్ తగిలితే ఆ పలకలు కాస్త ఊగుతాయి. కొంత శక్తిని మింగుతాయి, కొంత అవతలికి వదిలేస్తాయి. విజయనగరంలో డాబా ఇల్లంటే ఇటుక గోడ, సిమెంటు పూత, పైన కాంక్రీటు శ్లాబు, కింద టైల్స్. వీటిలో ఏదీ ఊగే రకం కాదు. వెళ్లిన బాస్‌లో చాలా భాగం తిరిగి గదిలోకే వస్తుంది. అందుకే బడ్జెట్ తక్కువున్నవాళ్లు షాపుకి వెళ్లే ముందు టేపు పట్టుకుని గదిని కొలుచుకోవడం మేలు.

1919లోనే సంగీత కళాశాల వెలసిన ఊరికి మంద్రస్థాయి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కానీ మగ గొంతు ఎంత కిందికి దిగినా 80 హెర్ట్జ్ (సెకనుకి 80 కంపనాలు) దాటి పోవడం అరుదు. సబ్ వూఫర్‌కి అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది. ఐదు స్పీకర్లు, ఒక సబ్ ఉండే 5.1 సౌండులో ఆ ‘.1’ అంటే 120 హెర్ట్జ్ దాకా ఉండే మోతల కోసం విడిగా కేటాయించిన దారి. పేలుళ్లు, ఉరుములు, ఇంజన్ల గర్జన అందులో వస్తాయి. ఈ స్థాయిలో మన చెవి మొద్దు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచి గీతలు గీశారు. 1000 హెర్ట్జ్ దగ్గర చెవికి అందే అతి సన్నని శబ్దంతో పోలిస్తే, 20 హెర్ట్జ్ శబ్దం వినిపించడానికే 70 డెసిబెల్స్ పైగా ఎక్కువ కావాలి.

స్పీకరుకి ఇంకో చిక్కుంది. ఫ్రీక్వెన్సీ, అంటే ఆ హెర్ట్జ్ అంకె, సగానికి దిగినప్పుడల్లా, అదే మోత రావాలంటే కోన్ (స్పీకరులో ముందుకీ వెనక్కీ కదిలే గరాటు లాంటి పొర) నాలుగింతలు ఎక్కువ దూరం కదలాలి. 80 నుంచి 20కి దిగితే పదహారింతలు! చిన్న కోన్‌కి అది సాధ్యం కాదు. 8 అంగుళాల దాని కంటే 12 అంగుళాల కోన్ వైశాల్యం రెట్టింపు పైమాటే కాబట్టి అది అంత దూరం కదలక్కర్లేదు. చిన్న పెట్టె, లోతైన బాస్, తక్కువ కరెంటుతో పెద్ద మోత... ఈ మూడూ ఒక్కచోట దొరకవని స్పీకర్ల ఇంజనీర్లు ఏనాడో తేల్చారు. దాన్ని హాఫ్‌మన్ ఉక్కు సూత్రం అంటారు. ముచ్చటగా ఉన్న చిన్న డబ్బాలో ‘థియేటర్ బాస్’ అని ఎవరైనా అంటే ఈ సూత్రం గుర్తు తెచ్చుకోండి.

అట్ట మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అని వేలల్లో వాట్లు వేసి ఉంటే ఆ అంకెను పట్టించుకోవద్దు. ఆర్ఎంఎస్, అంటే ఆపకుండా ఇవ్వగలిగే వాట్లు, ఎంతో చూడండి. ఉదాహరణకి పోల్క్ అనే కంపెనీ వాళ్ల పీఎస్‌డబ్ల్యూ10 అనే 10 అంగుళాల సబ్ ఆపకుండా ఇవ్వగలిగేది 50 వాట్లు, క్షణకాలం మాత్రం 100. చిన్న గదికి అది తక్కువేమీ కాదు. పైగా వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి అది ‘కొంచెం ఎక్కువైంది’ అనిపిస్తుందంతే.

ఇక గది. 12 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య సుమారు 48 హెర్ట్జ్ తరంగంలో సగం సరిగ్గా పడుతుంది. అటూ ఇటూ తగిలి వచ్చే తరంగాలు ఒకదాని మీద ఒకటి కూడి గోడల దగ్గర ఆ మోత విపరీతంగా పెరుగుతుంది, గది మధ్యలో దాదాపు మాయమవుతుంది. 12 బై 12 గది అయితే పొడవు, వెడల్పు రెండూ ఒకే ఫ్రీక్వెన్సీని ఎత్తి పడతాయి. సోఫా మధ్యలో వేసుకుని ‘బాస్ రావట్లేదు’ అని సబ్ మార్చేసేవాళ్లున్నారు, పాపం. సోఫాని రెండడుగులు వెనక్కి జరిపి చూస్తే ఖర్చు తప్పేది. 11 బై 14 గదిలో ఈ పోట్లు (మోత ఇలా ఉబ్బిపోయే ఫ్రీక్వెన్సీలు) 52, 41 హెర్ట్జ్‌ల దగ్గర విడివిడిగా పడతాయి కాబట్టి బాస్ కాస్త సమంగా ఉంటుంది.

ఆ మొదటి పోటుకి దిగువన ఇంకో విశేషం ఉంది. తలుపులు, కిటికీలు మూసిన ఇటుక గదిలో 30 హెర్ట్జ్ లాంటి పొడవాటి తరంగం పట్టదు. అప్పుడు కోన్ గదిలోని గాలి మొత్తాన్ని ఒకేసారి నొక్కి వదులుతుంది, దాంతో బాస్‌కి బలం చేరుతుంది. కిందికి పోయేకొద్దీ ఈ సాయం పెరుగుతుంది. సిరిమానోత్సవం నాడు వీధిలో డీజే బాక్సులకి ఇలా సాయం చేసే గోడల్లేవు, అందుకే అవి అంత పెద్దవి. పెంకుటింట్లో కూడా ఈ సాయం తక్కువే, పెంకుల సందుల్లోంచి గాలి తప్పించుకుంటుంది.

పూర్తిగా మూసిన పెట్టెలో బాస్ కిందికి పోయేకొద్దీ నెమ్మదిగా తగ్గుతుంది. గొట్టం ఉన్న పెట్టె ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు ఒక స్థాయి దగ్గర గట్టిగా మోగి, దాని కింద నిట్టనిలువునా పడిపోతుంది. మూసిన గదికి మూసిన పెట్టె చక్కగా కుదురుతుందని నా అభిప్రాయం. తక్కువ ధరలో దొరికేవి ఎక్కువగా గొట్టం రకమే. గదిలో మోత గుబగుబలాడితే ఆ గొట్టంలో ఒక జత సాక్సులు చుట్టి దూర్చండి, చాలావరకు సర్దుకుంటుంది. హాలు వంటింట్లోకి, మెట్ల మీదికి తెరిచి ఉంటే మాత్రం గొట్టం ఉన్న 10 లేదా 12 అంగుళాల సబ్ కొనడమే నయం.

ఎక్కడ పెట్టాలి? మూలలో పెడితే మోత ఎక్కువ. చవక సబ్‌కి అది ఉచిత బలం, కానీ పోట్లు కూడా పెరుగుతాయి. మంచి పద్ధతి ఒకటుంది. సబ్‌ని మీరు కూర్చునే చోట సోఫా మీద పెట్టి, బాస్ ఉన్న పాట వేసి, గోడల వెంబడి నేల మీద పాకుతూ వినండి. ఎక్కడ సమంగా వినిపిస్తే సబ్ అక్కడ పెట్టాలి. రెండు బిందువుల మధ్య శబ్దం ఎటు నుంచి ఎటు వెళ్లినా ఫలితం ఒకటే కాబట్టి ఇది పనిచేస్తుంది. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

క్రాసోవర్‌ని (సబ్‌కి ఎన్ని హెర్ట్జ్ దాకా మోతలు పంపాలో తేల్చే మీట) 80 దగ్గర ఉంచితే బాస్ ఏ మూల నుంచి వస్తోందో చెవి సాధారణంగా పట్టుకోలేదు. ఫేజ్ స్విచ్‌ని (సబ్ కోన్ కదలికను మిగతా స్పీకర్లతో జత కలిపే మీట) అటూ ఇటూ వేసి, ఎటు వేస్తే నిండుగా ఉంటుందో అటే వదిలేయండి. పక్క వాటావాళ్ల సంగతి వేరు. గోడకి ఆగని బాస్ శ్లాబు గుండా కూడా వెళ్తుంది. సబ్ కింద మందపాటి రబ్బరు దిమ్మలు వేస్తే నేలలోకి దిగే అదురు కొంత తగ్గుతుంది గానీ, గాలి గుండా వెళ్లేది తగ్గదు. రాత్రి పది దాటాక రిసీవర్‌లో (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) నైట్ మోడ్ పెట్టుకుంటే పేలుళ్ల మోత తగ్గి మాటలు స్పష్టంగా వినిపిస్తాయి.