పద్మాసనం తొంటిలో మొదలవుతుంది

ధ్యానానికి కూర్చున్న పది నిమిషాలకే మోకాలు సలపడం మొదలైతే చాలామంది మోకాలినే తప్పుపడతారు. నిజానికి అది తొంటి చేయాల్సిన పనిని నెత్తిన వేసుకుని అవస్థ పడుతోంది.

మోకాలు దాదాపు తలుపు బందు లాంటి కీలు. ముడుచుకుంటుంది, చాచుకుంటుంది, ముడిచినప్పుడు కాస్త మెలి తిరుగుతుంది. అంతే. తొంటి అలా కాదు. తొడ ఎముక గుండ్రటి తల కటి ఎముకలోని గిన్నెలో అన్ని వైపులా తిరుగుతుంది. పద్మాసనంలో అరికాలు పైకి తేలాలంటే తొడ మొత్తం బయటికి తిరగాలి. అది తిరగకుండానే పాదాన్ని పట్టి లాగి రెండో తొడ మీద పెడితే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. లోపల చంద్రవంకలా ఉండే మృదులాస్థి నలుగుతుంది, ఒక్కోసారి చిరుగుతుంది కూడా. పైగా ఆ గిన్నె లోతు, తొడ ఎముక మెడ తిరిగిన తీరు మనిషి మనిషికీ వేరు. ఏళ్ల తరబడి సాధన చేసినా కొందరికి పద్మాసనం పట్టుబడకపోవడానికి ఇదీ ఒక కారణం. వాళ్లను సోమరులనడం అన్యాయం. పతంజలి సూత్రాల్లో ఏ ఆసనం పేరూ లేదు. ‘స్థిరసుఖమాసనం’, అంటే కదలకుండా హాయిగా కూర్చోగలిగేదే ఆసనం, అన్నాడంతే.

బాసింపట్టు వేసుకున్నా చాలు. కానీ కింద కాస్త ఎత్తు కావాలి. దుప్పటిని నాలుగు మడతలు పెట్టి దాని అంచున కూర్చుని చూడండి. పిరుదుల కింద రెండు ఎముకలు దుప్పటికి ఆనడం తెలుస్తుంది. మోకాళ్లు తొంటి కన్నా కిందికి దిగుతాయి, కటి కొద్దిగా ముందుకు వాలుతుంది. నడుము వెనక చెయ్యి పెడితే సహజమైన ఆ చిన్న వంపు తగులుతుంది. ఎత్తు లేకపోతే కటి వెనక్కి ఒరిగి వీపు గూనిలా వంగుతుంది, కండరాలు త్వరగా అలసిపోతాయి. భోజనానికి పీట వేయడంలో ఈ సుఖం కూడా ఉందని నాకు గట్టి నమ్మకం.

ఇక తిమ్మిరి. మోకాలి కింద బయటి వైపు వేలితో తడిమితే చిన్న ఎముక బుడిపె తగులుతుంది. పాదాన్ని పైకెత్తే కండరాలను నడిపే నరం దాన్ని చుట్టుకుని, చర్మానికి చాలా దగ్గరగా వెళుతుంది. ఎక్కువసేపు నొక్కుకుపోతే మొద్దుబారుతుంది. రోజూ గంటల తరబడి మడమల మీద కూర్చున్న ఒక సాధకుడికి పాదం వేలాడిపోయిన సంగతి 1971లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. అందుకే తిమ్మిరెక్కితే ఓర్చుకోవద్దు, కాలు మార్చండి. లేచే ముందు కాళ్లు చాపి, పాదం పైకి వస్తోందో లేదో చూసుకోండి. వచ్చాకే నిలబడండి.