పొట్ట తడిస్తేనే చలి

ధనుర్మాసంలో కూడా కోనసీమలో తెల్లవారుజామున చలి మరీ ఎక్కువేమీ ఉండదు. అయినా డాష్‌హండ్ (పొట్ట నేలకి దగ్గరగా ఉండే పొట్టి కాళ్ల జాతి కుక్క) పెంచుకునే ఇళ్లలో ఇదే గొడవ. తలుపు తీస్తే గుమ్మం దాటదు, దాటినా నాలుగడుగులేసి వణుకుతూ వెనక్కొచ్చేస్తుంది. గారాబం ఎక్కువైందంటారు. నేనైతే కుక్క పక్షమే.

కుక్క ఒంటి వేడి సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీలు, మనకంటే ఎక్కువ. ఆ వేడిని పోనివ్వకుండా ఆపేది బొచ్చులో చిక్కుకున్న గాలి. పొమేరియన్‌కి పైబొచ్చు కింద మెత్తటి పొర ఇంకోటి ఉంటుంది. డాబర్‌మాన్‌కి, పొట్టి బొచ్చు డాష్‌హండ్‌కి ఆ పొర పలచన, లేదా ఉండనే ఉండదు. పైగా చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ కాబట్టి వేడి త్వరగా పోతుంది. వీధి కుక్కలు ఆరిన పొయ్యి బూడిదలో ముడుచుకుని, ముక్కు తోక కింద దాచుకునేది గాలి తగిలే చర్మం తగ్గించుకోవడానికే.

డెల్టాలో అసలు చిక్కు తడి. నీరు గాలికంటే 20 రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. చుట్టూ కాలవలు, చేలు, రాత్రంతా కురిసే మంచు. గట్టు మీద గడ్డిలో కాసేపు తిప్పి, కుక్కని వెల్లకిలా పడుకోబెట్టి చూడండి. వీపు పొడిగానే ఉంటుంది. ఛాతీ మీద బొచ్చు మాత్రం పాయలుపాయలుగా అతుక్కుపోయి, మధ్యలో గులాబీ రంగు చర్మం కనిపిస్తుంది. బొచ్చులో గాలి నిలిచే చోటే లేదక్కడ.

అందుకే పిల్లల పాత స్వెట్టర్ వీపున కప్పితే లాభం తక్కువ. పొట్ట కూడా కప్పేది కావాలి, తడవగానే తీసేయాలి. తడి స్వెట్టర్ కంటే ఏమీ లేకపోవడమే మేలు. షికారు ఎండెక్కాక, గట్టు వదిలి సిమెంటు రోడ్డు మీద. పొద్దున్నే తప్పని పనికి చూరు కింద ఓ మూల పొడి ఇసుక పోస్తే చాలు. బయల్దేరే ముందు ఇంట్లో కాసేపు బంతాట ఆడిస్తే కండరాలు వేడెక్కుతాయి. తిరిగొచ్చాక పొట్ట, చంకలు, వేళ్ల సందులు తువ్వాలుతో ఒత్తాలి.

జలుబు బామ్, కర్పూరం రాయొద్దు, నాకితే విషమే. మన పారాసిటమాల్ బిళ్ల సొంతంగా వేయొద్దు. ముసలి కుక్క మొరాయిస్తే కీళ్ల నొప్పేమో చూపించండి. వణుకుతున్న కుక్క ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగి మత్తుగా వాలిపోతే, చలి తగ్గిందనుకోకుండా పొడి దుప్పటి చుట్టి వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.